సెలవులకొచ్చే పిల్లలూ – కామెర్ల జాగ్రత్తలూ

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు వస్తోందంటే మనలో చాలామందికి చేతినిండా పని. అమెరికా నుంచి అమ్మాయి వస్తుంది, లండను నుంచి కొడుకూ కోడలూ వస్తారు. వాళ్లు ఉండబోయే మూడు నాలుగు వారాల కోసం మనం రెండు నెలల ముందునుంచే హడావుడి పడిపోతాం. కారప్పొడులు కొట్టిస్తాం, పరుపులు ఎండలో వేస్తాం, ఏ రోజు ఏ టిఫిను చెయ్యాలో మనసులో రాసి పెట్టుకుంటాం. ఇన్ని ఆలోచించిన వాళ్లం తాగే నీళ్ల సంగతి మాత్రం ఆలోచించం. ఆలోచించడానికేముంది, రోజూ మనం తాగేవేగా అనుకుంటాం. ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఆ "మనం తాగేవేగా" అన్న మాట గురించే.

మా ఇంటి సంగతే చెబుతాను. 1998 వేసవిలో మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని అమెరికా నుంచి వచ్చింది. మనవడికి తొమ్మిదేళ్లు, మనవరాలికి ఆరు. ఇద్దరూ అక్కడే పుట్టారు, అక్కడే పెరుగుతున్నారు. వచ్చిన మర్నాడు పొద్దున్నే అమ్మాయి వంటింట్లోకొచ్చి పెద్ద గిన్నెతో నీళ్లు పొయ్యిమీద పెట్టింది. ఎందుకే అని అడిగితే, "పిల్లలకి కాచిన నీళ్లిద్దామనమ్మా" అంది. నిజం చెబుతున్నాను, నాకు చివుక్కుమంది. "నువ్వు పుట్టి పెరిగింది ఈ నీళ్లతోనే కదుటే. ఇప్పుడివి పనికిరాకుండా పోయాయా?" అన్నాను. అది నవ్వి ఊరుకుంది గాని, నా ముఖం చూస్తూ నాలుగు రోజులు కాచి, ఐదోరోజు మానేసింది. నా మాటే నెగ్గిందనుకున్నాను నేను.

ఆ నెల్లాళ్లూ పిల్లలకు ఏ లోటూ రానివ్వలేదు. మధ్యాహ్నం మజ్జిగలో ఐసు ముక్కలు, సాయంత్రం వీధి చివర చెరకురసం, బంధువులింట్లో పెళ్లికెళితే అక్కడ మూడు రోజులు అందరితోపాటే తిండీ నీళ్లూ. ఒక్కపూటయినా కడుపునొప్పి అనలేదు, విరేచనమన్నది లేదు. వాళ్లను విమానమెక్కించి తిరిగొస్తూ, "చూశారా, కాచకపోతే ఏమైంది?" అని మావారితో దర్జాగా అన్నాను కూడా.

వాళ్లు వెళ్లిన మూడోవారంలో ఫోను వచ్చింది. మనవడికి జ్వరం, వాంతులు. అన్నమంటే ముఖం తిప్పేస్తున్నాడట. ఫ్లూ అనుకున్నారు. నాలుగు రోజులు పోయాక మూత్రం ముదురు టీ డికాక్షనులా వస్తోందనీ, కళ్లు పచ్చబడ్డాయనీ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. డాక్టరు రక్తపరీక్ష చేయించి, హెపటైటిస్ ఎ అన్నారు. మన మాటలో చెప్పాలంటే పచ్చకామెర్లలో ఒక రకం.

ఆ డాక్టరు మా అమ్మాయిని ఒక ప్రశ్న వేశారట. "ఇండియా వెళ్లేముందు పిల్లలకు ఈ టీకా వేయించలేదా?" అని. అప్పటికి మూడేళ్ల కిందటే, 1995లో, ఆ టీకా అమెరికాలో వాడకంలోకి వచ్చింది. మా అమ్మాయి చదువుకున్నదే. ఏ ఆఫ్రికా దేశానికో, దక్షిణ అమెరికాకో షికారు వెళుతున్నామంటే నెలముందే డాక్టరు దగ్గరికి పరుగెత్తి, ఏయే టీకాలు కావాలో అడిగేది. కాని ఇది షికారు కాదు కదా. "మా అమ్మావాళ్లింటికే కదా వెళ్లాం డాక్టరుగారూ" అందట. పుట్టింటికి వెళ్లడానికి టీకాలేమిటి అనుకుంది పాపం. అక్కడ అదీ పొరబాటు పడింది, ఇక్కడ నేనూ పడ్డాను. ఇద్దరిదీ ఒకటే పొరబాటు. మన ఇల్లు కదా, ఏం కాదు అన్న ధీమా.

విదేశాల్లో స్థిరపడి సెలవులకు సొంత ఊరొచ్చే కుటుంబాల్లోనే ఈ జబ్బు తరచుగా కనిపిస్తుందని ప్రయాణికుల ఆరోగ్యం చూసే వైద్యులు చెబుతారు. కారణం కష్టమైందేమీ కాదు. పరాయిదేశం చూడ్డానికొచ్చినవాడు హోటల్లో దిగుతాడు, సీలున్న సీసానీళ్లు తాగుతాడు, వారం రోజుల్లో వెళ్లిపోతాడు. మన పిల్లలు మన ఇళ్లలో దిగుతారు, నెల్లాళ్లుంటారు, మనం పెట్టింది తింటారు. ఏ ఇంటికెళ్లినా మంచినీళ్ల గ్లాసు చేతికిస్తారు. వద్దంటే వాళ్లేమనుకుంటారో అన్న మొహమాటం ఒకటి!

మరి ఆ ఇంట్లో మిగతావాళ్లకు ఏమీ ఎందుకు కాలేదు అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను. అదే నీళ్లు మేమూ తాగాం, పనిమనిషి పిల్లలూ తాగారు. తర్వాత మా ఊరి డాక్టరుగారు విడమరిచి చెప్పారు.

ఈ హెపటైటిస్ ఎ వైరస్ రోగి మలంలో ఉంటుంది. మురుగు కలిసిన నీళ్లద్వారా, సరిగా కడుక్కోని చేతులద్వారా, ఆ చేతులు తగిలిన తిండిద్వారా ఇంకొకరి నోట్లోకి చేరుతుంది. అక్కణ్ణించి కాలేయంలో, అంటే లివరులో, చేరి వాపు తెస్తుంది. దీనిలో చిత్రమేమిటంటే చిన్నపిల్లలకు సోకితే చాలాసార్లు జబ్బు పడ్డట్టే తెలియదు. ఆరేళ్లలోపు పిల్లల్లో పదిమందికి సోకితే ఏడుగురికి పైకి ఏ లక్షణాలూ ఉండవు. వయసు పెరిగినకొద్దీ బాధ ఎక్కువవుతుంది. పెద్దవాళ్లలో పదిమందికి సోకితే ఏడుగురికి పైగా కళ్లు పచ్చబడతాయి. ఒకసారి వచ్చి తగ్గిందంటే మాత్రం జన్మలో మళ్లీ రాదు.

ఇప్పుడు లెక్క తెలిసిపోయింది కదూ! మా తరంవాళ్లకూ, మా అమ్మాయి తరంలో చాలామందికీ ఇది చిన్నతనంలోనే, ఎప్పుడో మనకే తెలియకుండా వచ్చిపోయింది. ఒక రోజు నలతగా ఉండి ఉంటుంది, మర్నాడు ఆటల్లో పడి ఉంటాం. అందుకే ఆ నీళ్లు మనకేమీ చెయ్యలేదు. నీళ్లు మంచివై కాదు. పరిశుభ్రమైన నీళ్లు తాగి పెరిగిన పిల్లవాడికి ఆ రక్షణ ఉండదు. వాడు సుకుమారి కాడు, వాడి ఒంటికి ఆ పురుగు కొత్త, అంతే. మా నీళ్లు మాకు పడ్డాయి కదా అని వాడికిచ్చిన గ్లాసు, వాడికి విషమైంది.

రెండో సంగతి. వైరస్ లోపలికి వెళ్లిన వెంటనే జబ్బు రాదు. తక్కువలో తక్కువ 15 రోజులు, ఎక్కువలో ఎక్కువ 50 రోజులు పడుతుంది. సగటున 28 రోజులు. విరేచనాలైతే మర్నాడే తెలుస్తాయి, ఏది తిన్నామో గుర్తుంటుంది. ఇది నెల తర్వాత బయటపడుతుంది. అందుకే ఇక్కడున్నన్నాళ్లూ పిల్లలు బాగానే ఉన్నారన్నది నమ్మదగ్గ సాక్ష్యం కాదు. మా మనవడికి చెరకురసంలో ఐసువల్ల వచ్చిందో, నేనిచ్చిన మజ్జిగవల్ల వచ్చిందో, పెళ్లిపందిట్లో నీళ్లవల్ల వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. ఎన్ని రాత్రులు ఆలోచించానో చెప్పలేను.

మూడో సంగతి ఇంకా భయపెట్టేది. కళ్లు పచ్చబడటానికి వారం, రెండువారాల ముందునుంచే రోగి మలంలో వైరస్ అధికంగా పోతుంటుంది. అంటే ఎవరికీ అనుమానం లేని రోజుల్లోనే అది చుట్టుపక్కలవారికి అంటుకుంటుంది. మావాడికి జబ్బని తేలగానే చెల్లెలికి గామా గ్లోబ్యులిన్ అనే సూది వేశారు. రక్తంలోంచి తీసిన రక్షక పదార్థాలు అందులో ఉంటాయి. సోకిన రెండువారాల లోపల వేస్తే జబ్బును అడ్డుకుంటుంది. టీకా రాకముందు, రెండో ప్రపంచయుద్ధం రోజులనుంచీ ఇదొక్కటే ఆధారం. పరదేశాలకు వెళ్లేవారికి కూడా దీన్నే వేసేవారు గాని, దాని బలం కొద్ది నెలలే. ఇప్పుడు అలాంటి అవసరం వస్తే ఏడాది నిండిన ఆరోగ్యవంతులకు టీకానే వేస్తున్నారు, అదీ రెండువారాల లోపలే.

మనవరాలు దేవుడి దయవల్ల తప్పించుకుంది. మనవడు మాత్రం నెలన్నరపాటు మంచానికీ సోఫాకీ అంటుకుపోయాడు. బడి పోయింది, అమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఇంత జరిగినా అది నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో! "నీ ముఖం చిన్నబోతుందని కాచడం మానేశానమ్మా" అని ఎన్నో ఏళ్ల తర్వాత ఒకసారి మాటల్లో అంది. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

సరే, జరిగిపోయిన దానికేం గాని, ఇప్పుడు మనం చెయ్యగలిగినదేమిటో చూద్దాం.

మొదటిది టీకా. ఇది ఇక్కడికొచ్చాక ఆలోచించవలసింది కాదు, అక్కడ బయల్దేరకముందు వేయించుకోవలసింది. టిక్కెట్లు కొన్నామని పిల్లలు ఫోనులో చెప్పగానే, "ఏం తేవాలమ్మా" అని వాళ్లు అడిగే ప్రశ్నకు "ముందు టీకా కార్డు చూసుకోండి" అని మీరు జవాబు చెప్పండి. అమెరికాలో ఏడాది నిండిన పిల్లలందరికీ ఈ టీకా వెయ్యమని 2006లో సిఫారసు చేశారు. కాబట్టి ఆ తర్వాత అక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి పడి ఉండవచ్చు. "ఉండవచ్చు" అని ఊరుకోకుండా కార్డులో చూడాలి. బ్రిటనులో పిల్లలందరికీ మామూలుగా వేసే టీకాల్లో ఇది లేదు, ప్రయాణం సంగతి చెప్పి అడిగి వేయించుకోవాలి. దేశానికో పద్ధతి. పద్ధతులు మారుతూ ఉంటాయి కూడా.

మామూలుగా ఈ టీకా రెండు మోతాదులు. మొదటిది వేశాక ఆరునెలలకో ఏడాదికో రెండోది. మొదటి మోతాదుతోనే రెండు నుంచి నాలుగు వారాల్లో మంచి రక్షణ వస్తుంది. రెండోది పడితే ఆ రక్షణ ఇరవై ఏళ్లకు పైగా నిలుస్తుంది. "రేపే ప్రయాణం, ఇంకేం వేయించుకుంటాం" అని వదిలేయకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారు బయల్దేరేరోజు వేయించుకున్నా ఉపయోగమే, ఎందుకంటే వైరస్ జబ్బుగా మారడానికి పట్టే వ్యవధిలోనే టీకా పనిచెయ్యడం మొదలుపెడుతుంది. నలభై దాటినవారూ, లివరు జబ్బున్నవారూ, రోగనిరోధక శక్తి తగ్గినవారూ మాత్రం వ్యవధి తక్కువగా ఉంటే డాక్టరుతో ప్రత్యేకంగా మాట్లాడాలి. వాళ్లకు టీకాతోపాటు గామా గ్లోబ్యులిన్ కూడా అవసరం కావచ్చు.

ఏడాది నిండని పసిపిల్లల మాట? ఆరునెలలు దాటి ఏడాది నిండనివాళ్లను పరదేశ ప్రయాణానికి తీసుకెళ్లేటప్పుడు ఒక మోతాదు వెయ్యమని 2018లో అమెరికా నిపుణులు సలహా ఇచ్చారు. ఆ మోతాదు ప్రయాణం మట్టుకే. ఏడాది నిండాక మళ్లీ రెండూ వేయించవలసిందే. ఆరునెలల్లోపు పిల్లలకు టీకా వెయ్యరు, అవసరమైతే గామా గ్లోబ్యులిన్ ఇస్తారు.

ఇక్కడ పుట్టి పెరిగి అక్కడ స్థిరపడిన పెద్దవాళ్లకు రక్షణ ఉండే ఉంటుంది. అనుమానముంటే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఉన్నవారికి టీకా వేసినా నష్టం లేదు.

ఇక రెండోది మన వంటిల్లు. టీకా వేయించుకుని వచ్చారు కదా, ఇంక మనకెందుకు అనుకోకండి. టీకా అడ్డుకునేది ఈ ఒక్క వైరస్‌నే. ఢిల్లీలో 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో కామెర్లు ప్రబలి 29 వేలమందికి పైగా జబ్బుపడ్డారు. యమునానది నుంచి ఊరికి మంచినీళ్లు తీసుకునే చోటికి మురుగునీరు చేరింది. అది హెపటైటిస్ ఎ అనే అందరూ అనుకున్నారు. అప్పుడు దాచిపెట్టిన రక్తనమూనాలను 1980లో పరీక్షిస్తే ఇది వేరే వైరస్ అని తేలింది. దాన్ని ఇప్పుడు హెపటైటిస్ ఇ అంటున్నారు. అదీ నీళ్లద్వారానే వస్తుంది, గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. ఎ టీకా దానికి పనిచెయ్యదు. కడుపుతో ఉన్న అమ్మాయి పుట్టింటికొస్తే నీళ్ల విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరమన్నమాట. టైఫాయిడు సంగతి సరేసరి.

కుళాయి ఎంత శుభ్రంగా కనిపించినా ఒక మాట గుర్తుంచుకోండి. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. మిగతా వేళల్లో గొట్టాలు ఖాళీ. పక్కనే మురుగుకాలవ ఉండి గొట్టానికి ఎక్కడైనా చిల్లుంటే, లోపల ఒత్తిడి లేనప్పుడు ఆ మురుగు లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు శుద్ధిచేసే చోట బాగున్నవే మన గుమ్మంలోకొచ్చేసరికి పాడవుతాయి. చూడ్డానికి తేటగానే ఉంటాయి.

కాబట్టి నీళ్లు కాచండి. కాచడమంటే గోరువెచ్చన చెయ్యడం కాదు. కుతకుత మరిగాక ఒక నిమిషం అలాగే ఉంచితే చాలు, ఈ వైరస్ చచ్చిపోతుంది. 85 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషంకంటే అది బతకదు. పాతకాలపు క్యాండిల్ ఫిల్టరును నమ్ముకోకండి. వైరస్ ఆ క్యాండిలులోని సందులకంటే ఎన్నో రెట్లు చిన్నది, సులువుగా దిగిపోతుంది. వైరస్‌ను కూడా ఆపే యంత్రం ఇంట్లో ఉంటే మంచిదే గాని, దాన్ని వేళకు బాగుచేయిస్తుండాలి.

నీళ్లు కాచాక మనం చేసే పొరబాట్లు కొన్ని ఉన్నాయి. కాచిన నీళ్లను పచ్చినీళ్లతో తొలిచిన తడిబిందెలో పోస్తాం. చల్లారాక గ్లాసు ముంచి తీస్తాం, గ్లాసుతోపాటు వేళ్లూ మునుగుతాయి. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. లేదా కుళాయి అమర్చిన స్టీలు డ్రమ్ములో పోసి ఉంచండి. పిల్లలు పళ్లు తోముకుని పుక్కిలించడానికి కూడా ఆ నీళ్లే స్నానాలగదిలో ఒక చెంబుతో పెట్టండి. అక్కడే చాలామంది మర్చిపోతారు.

ఐసు దగ్గర నేను మోసపోయాను, మీరు పోకండి. గడ్డకట్టినంత మాత్రాన ఈ వైరస్ చావదు. పచ్చినీళ్లు ఎలాంటివో వాటి ఐసూ అలాంటిదే. కాచిన నీళ్లతోనే ఫ్రిజ్‌లో ఐసు చేసుకోవచ్చు, శ్రమేమీ లేదు. బయట చెరకురసం, సోడా, పళ్లరసం వంటివి ఐసు వెయ్యవద్దన్నంత మాత్రాన సరిపోవు, గ్లాసు ఏ నీళ్లతో కడిగారన్నది కూడా ఉంది.

మజ్జిగ సంగతి చూడండి. పాలు కాస్తాం, తోడుపెడతాం, అంతవరకూ బాగానే ఉంటుంది. చివర్న చెంబుడు పచ్చినీళ్లు పోస్తాం! పానకం, నిమ్మరసం, పచ్చళ్లలో కలిపే నీళ్లు అన్నీ ఇంతే. కొబ్బరిపచ్చడికి మనం పెట్టే తిరగమోత కమ్మదనానికే గాని, పచ్చడంతా కాగదు కదా. దించాక చల్లే కొత్తిమీర, పెరుగుపచ్చడిలో ఉల్లిపాయ, కోసిన కీరదోసకాయ, వీటిని కాచిన నీళ్లతో కడిగి వాడండి. పిల్లలు తిరిగి వెళ్లేదాకా పచ్చికూరలు మానేసినా పోయేదేమీ లేదు. పొయ్యిమీంచి దిగి పొగలు కక్కే ఇడ్లీ, అప్పుడే వేసిన దోసె, మరుగుతున్న చారు, వేడి అన్నం, పప్పు వీటితో భయం లేదు. పండైతే అరటిపండు, కమలాపండు, సీతాఫలం లాగా మన చేత్తో ఒలుచుకునేది మంచిది. బండిమీద ముక్కలు కోసి పెట్టినవి వద్దు. పానీపూరీలో పూరీకంటే పానీయే ప్రమాదం.

ఉడికీ ఉడకని తిండితో ఎంత ముప్పో చెప్పడానికి 1988లో చైనాలోని షాంఘై నగరంలో జరిగినదొక్కటి చాలు. మురుగు కలిసిన నీళ్లలో పెరిగిన గుల్లలను అక్కడివాళ్లు పచ్చివిగానో, కాస్త వేడినీళ్లు చూపించో తిన్నారు. సుమారు మూడు లక్షలమందికి కామెర్లు వచ్చాయి. మంట కొంచెం ఎక్కువసేపు తగిలి ఉంటే అంతమంది తప్పించుకునేవారు.

అన్నిటికంటే ముఖ్యం చేతులు. వంటచేసేముందు, వడ్డించేముందు, పసిపిల్లల గుడ్డలు మార్చాక, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బు రాసి, పారే నీళ్లతో బాగా రుద్ది కడగాలి. శానిటైజరు రాసుకున్నాం కదా అనుకుంటే ఈ వైరస్ విషయంలో చాలదు. వంటమనిషికీ పనిమనిషికీ చెప్పేటప్పుడు వాళ్లను తప్పుపట్టినట్టు కాకుండా సింకు దగ్గర సబ్బు, శుభ్రమైన తువ్వాలు పెట్టి మనం చేసి చూపిస్తే వాళ్లూ చేస్తారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే, కళ్లు పచ్చగా ఉన్నాయంటే, జీతం కొయ్యకుండా సెలవివ్వండి. జీతం పోతుందన్న భయంతోనే జబ్బు దాచి పనికొస్తారు.

ఇంత జాగ్రత్తపడినా ఒకవేళ జబ్బు వచ్చిందే అనుకోండి. జ్వరం, నిస్సత్తువ, తిండి వాసన తగిలితేనే వికారం, కుడివైపు డొక్కలో నొప్పి, మూత్రం ముదురురంగు, మలం తెల్లగా పాలిపోవడం, తర్వాత కళ్లు పచ్చబడటం ఇవీ లక్షణాలు. విదేశాలకు తిరిగి వెళ్లిన రెండు నెలల లోపల ఇవి కనిపిస్తే ఇండియా వెళ్లొచ్చామని డాక్టరుకు వాళ్లంతట వాళ్లే చెప్పాలి.

మనవాళ్లు పసరు పోయిస్తారు, చేతిమీద వాత పెట్టిస్తారు, నేల ఉసిరి నూరి మింగిస్తారు, ఉప్పులేని పథ్యం పెడతారు. ఈ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ తగ్గిన పేరు ఆఖరున వేసిన మందుకు దక్కుతుంది. దీన్ని చంపే మందు అల్లోపతీలో కూడా లేదు. విశ్రాంతి, నీరసించకుండా ద్రవాలు, పిల్లవాడికి సహించే తిండి, ఇంతే వైద్యం. వాత పెడితే పుండే మిగులుతుంది. జ్వరం మాత్రలు కూడా ఇంట్లో ఉన్నవి కదా అని వెయ్యకండి, పారాసిటమాల్ ఎక్కువైతే లివరుకే చేటు. మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, ఎక్కడైనా రక్తం కనిపించినా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నూటికి ఒక్కరికంటే తక్కువమందికే అయినా, లివరు పూర్తిగా చెడిపోయి ప్రాణం మీదికి రావడం ఉంది. పెద్ద వయసువారిలో ఆ భయం మరింత ఎక్కువ.

ఇదంతా విని, మన దేశాన్ని తక్కువ చేస్తోందీవిడ అనుకుంటారేమో! ఈ వైరస్‌కు దేశాభిమానం లేదు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక హోటల్లో వడ్డించిన పచ్చి ఉల్లికాడలవల్ల 550 మందికి పైగా ఈ జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. మన దేశంలోనూ పరిస్థితి మారుతోంది. మినరల్ నీళ్లు తాగుతూ అపార్టుమెంట్లలో పెరిగే మన పట్నం పిల్లలకూ చిన్నతనపు రక్షణ ఇప్పుడు అంతగా ఉండటం లేదు. వాళ్లు పెద్దయి హాస్టలుకో, విహారయాత్రకో వెళ్లినప్పుడు సోకితే పెద్దవాళ్ల జబ్బులా గట్టిగా వస్తుంది. ఆరోగ్య విషయాల్లో ముందుందని పేరున్న కేరళలోనే 2024లో ఎర్నాకుళం, మలప్పురం జిల్లాల్లో ఈ కామెర్లు ప్రబలాయి.

అందుచేత మన ఇంటి పిల్లల డాక్టరును కూడా ఈ టీకా గురించి అడగండి. ఏడాది నిండిన పిల్లలకు వేయించమని మన పిల్లల వైద్యుల సంఘంవారు చెబుతున్నారు. 2024 నాటికి ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, డబ్బు పెట్టి వేయించుకోవలసిందే. రెండు మోతాదులవీ ఉన్నాయి, ఒకే మోతాదుతో సరిపోయేదీ ఉంది. మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ 2024 జనవరిలో హావిష్యూర్ అనే పేరుతో ఈ టీకాను దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది.

చివరగా ఒక్కమాట. ఆనాటి మా తొమ్మిదేళ్ల మనవడు ఇప్పుడొక ఆడపిల్లకు తండ్రి. ఈ డిసెంబరులో పెళ్లాన్నీ పిల్లనూ తీసుకుని వస్తున్నాడు. మునిమనవరాలికి ఎనిమిదో నెల. మొన్న ఫోనులో, "అమ్మమ్మా, పాపకి ప్రయాణం టీకా వేయించాం. కాని నీళ్లు మాత్రం..." అని నసిగాడు. ఆ నసుగుడు నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ల కిందట వాళ్లమ్మ నా ముఖం చూసి మింగేసిన మాటే అది. వాణ్ణి పూర్తి చెయ్యనివ్వలేదు. "నువ్వు వచ్చేసరికి కాచి చల్లార్చి పెడతానురా నాన్నా, నువ్వడగక్కర్లేదు" అన్నాను.

సోదరీమణులారా, మీ ఇంటికొచ్చే పిల్లలు కూడా అడగడానికి మొహమాటపడతారు. కోడలైతే మరీను. వాళ్లు పొయ్యి దగ్గరికి రాకముందే మీరే ఆ గిన్నె ఎక్కించండి. వాళ్లు పొరుగింటికి వెళుతుంటే కాచిన నీళ్ల సీసా మీరే చేతికివ్వండి. అడిగించుకోకుండా ఇచ్చిన ఆ నీళ్లకంటే మర్యాద లేదు.